కళ్ళజోడు మర్చిపోయాను

మా తమ్ముడివి గద్ద కళ్ళు. నిచ్చెన ఎక్కకుండానే, కింద నిలబడి, పైన వైరు ఎక్కడ కాలిందో చెప్పేస్తాడు. అలాంటివాడు 20 ఏళ్ళకి పైగా ఏ ఆఫీసుకి వెళ్ళినా, ఏ కౌంటరు ముందు నిలబడినా ఒకటే మాట: "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానండీ, కాస్త మీరే రాసిపెడతారా?" వాడికి కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు. ఈ సంగతి నాకు తెలిసి ఏడాదిన్నర అవుతోంది.

ఇంకో ఉపాయం కూడా ఉండేది. పెద్ద ఫారం నింపాల్సి ఉంటుందని ముందే తెలిస్తే కుడిచేతి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వెళ్ళేవాడు. సాయంత్రానికి ఆ కట్టు ఉండేది కాదు. "దెబ్బ ఏమైందిరా?" అంటే "చిన్నదేలే అక్కా, తగ్గిపోయింది" అనేవాడు. కరెంటు పని చేసేవాడికి చేతి దెబ్బలు మామూలే కదా అని నేనూ ఊరుకునేదాన్ని.

నేను ప్రూఫ్‌రీడర్‌ని. 22 ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. పేజీలో ఏ మూలో ఒక ఒత్తు జారిపోతే పట్టుకుంటాను. ఒకే చాప మీద కూర్చుని నాతో చదువుకున్న తమ్ముడి సంగతి మాత్రం పట్టుకోలేకపోయాను. వాడికి చదవడం రాదు అని రాయబోయి ఆగాను. అలా అనకూడదు. వస్తుంది. ఎలా వస్తుందో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

వాడు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. వాడికి పాఠాలు చెప్పే పూచీ నాన్న నా మీద పెట్టారు. మూడో తరగతి వాచకంలో కుందేలు పాఠం ఒకటుండేది. వాడు వేలు పెట్టి గడగడా చదివేస్తుంటే నాకు భలే గర్వంగా ఉండేది. ఒకరోజు గాలికి రెండు పేజీలు తిరిగిపోయాయి. వాడి వేలు తాబేలు బొమ్మ పక్కన పాకుతోంది, నోరు మాత్రం ఇంకా కుందేలు దగ్గరే ఉంది. అంతా బట్టీయం. క్లాసులో పక్కవాళ్ళు చదువుతుంటే రెండుసార్లు వినేవాడు, అంతే, పాఠం మొత్తం నోటికొచ్చేసేది. అంత జ్ఞాపకశక్తి నాకు లేదు. అది నాకప్పుడు తట్టలేదు. తట్టిందల్లా వాడు నన్ను మోసం చేస్తున్నాడని. స్కేలు తీశాను.

ఆ రోజు ఏడుస్తూ వాడన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "విడివిడిగా తెలుసక్కా. కలిస్తేనే తెలియట్లేదు."

35 ఏళ్ళ తర్వాత ఒక సైకాలజిస్టు గదిలో కూర్చుని విన్నదాని సారాంశం అదే. ఎనిమిదేళ్ళ పిల్లాడు రెండు ముక్కల్లో చెప్పేశాడు. నేను అబద్ధం కింద కొట్టిపారేశాను.

ఆ గదికి వెళ్ళింది వాడి కోసం కాదు, వాడి కూతురి కోసం. నా మేనకోడలికి అప్పుడు ఎనిమిదేళ్ళు. మాటల పుట్ట. కథ చెప్పమంటే మధ్యలో ఆపడం మన తరం కాదు. పుస్తకం ముందు పెడితే మాత్రం ఒక్కసారిగా దాహం వేస్తుంది, కడుపు నొప్పి వస్తుంది, పెన్సిలు మొన విరుగుతుంది. "తెలివైనదే, శ్రద్ధ లేదు" అని స్కూల్లో ప్రతి సమావేశంలోనూ చెప్పారు. మా మరదలు ఊరుకునే మనిషి కాదు. కళ్ళు చూపించింది, బాగున్నాయన్నారు. చెవులు చూపించింది, బాగున్నాయన్నారు. చివరికి ఈ సైకాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. ముందురోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు కూడా రా. ఆరు పేజీల ఫారం ఉంటుందట."

అలా నేను ఫారం నింపే మనిషిగా ఆ గదిలో వెనక కుర్చీలో కూర్చున్నాను. పక్కన తమ్ముడు.

పరీక్షలంటే ఏవో యంత్రాలు ఉంటాయనుకున్నాను. ఏమీ లేవు. మాటలు, కార్డులు, ఒక స్టాప్‌వాచ్. మేడమ్ ముందు తెలివితేటలకి సంబంధించినవేవో చేయించారు. అవన్నీ పిల్ల ఆటలా చేసేసింది. తర్వాత అన్నారు, "'కలప' అను. ఇప్పుడు అందులోంచి 'ల' తీసేసి చెప్పు." పిల్ల ఆగిపోయింది. కుడిచేతి చూపుడువేలు గౌను మీద ఏదో గీస్తోంది. మూడు అక్షరాలూ రాసుకుని మధ్యది కొట్టేయాలని చూస్తోందన్నమాట. నా మనసులో "కప" అన్న జవాబు అనుకోకుండానే వచ్చేసింది, మీకూ వచ్చేసే ఉంటుంది. పక్కకి చూశాను. తమ్ముడి వేలు ప్యాంటు తొడ మీద అదే గీత గీస్తోంది.

తర్వాత అర్థం లేని మాటల జాబితా ఒకటి ఇచ్చారు. గబిలు, రంపటి, నుకెళ, ఇలాంటివి. ఎప్పుడూ చూడని మాటని అక్షరాల బలం మీదే చదవగలమా లేదా అని చూడటానికట. పిల్ల "గబిలు"ని "గబ్బిలం" అంది, "రంపటి"ని "రంపం" అంది. అంటే చదవట్లేదు, మొదటి అక్షరం పట్టుకుని తెలిసిన మాటలోకి దూకేస్తోంది. "నుకెళ" దగ్గర దూకడానికి ఏమీ దొరకలేదు. మేడమ్ ముఖం చూసింది.

ఇంకొకటి నాకు వింతగా తోచింది. కాగితం మీద 50 గళ్ళు. గొడుగు, తాళం, కుర్చీ, చేప, గడియారం. ఈ అయిదు బొమ్మలే తిరగామరగా వస్తుంటాయి. వరసగా, వీలైనంత వేగంగా పేర్లు చెప్పాలి. ఇందులో అక్షరమే లేదు. పిల్ల ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు, కానీ స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంది. చూసిన దాని పేరు నోటిదాకా రావడానికి పట్టే ఆ రవ్వంత ఆలస్యం చదవడంలో కూడా ఉంటుందని తర్వాత చెప్పారు. ఒక లైనులో పది మాటలుంటే పది ఆలస్యాలు.

ఇంతలో నేను ఫారంలో నాలుగో పేజీకి వచ్చాను. "కుటుంబంలో ఇంకెవరికైనా చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉందా?" అన్న ప్రశ్న. "లేదు" అని రాసేశాను. మేడమ్ అదే ప్రశ్న మా వైపు తిరిగి నోటితో కూడా అడిగారు.

"నాకండీ" అన్నాడు తమ్ముడు.

నేను "లేదు" మీద డిలీట్ గుర్తు పెట్టాను. అలవాటు. మామూలు మనుషుల్లా కొట్టేయడం చేతకాదు నాకు.

పిల్లకి ఉన్న ఇబ్బంది పేరు డిస్‌లెక్సియా అని, ఇది కుటుంబాల్లో నడిచే విషయమేనని ఆవిడ చెప్పారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం బాగా ఎక్కువట. పెంపకం వల్ల కాదు, బద్ధకం వల్ల కాదు, కళ్ళ వల్ల అంతకన్నా కాదు. ఈ కళ్ళ సంగతి నేను ఆవిణ్ణి రెండుసార్లు అడిగాను. ఎందుకంటే డిస్‌లెక్సియా అంటే అక్షరాలు తలకిందులుగా కనిపించడం, గెంతడం అనే నేను అనుకుంటూ వచ్చాను. అక్షరాలు తిరగేసి రాయడం మొదట్లో చాలామంది చిన్నపిల్లలు చేసేదే, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం అన్నారు. ఇబ్బంది ఉన్నది చూపులో కాదు, శబ్దంలో. "కలప" అన్న మాటని మనం ముక్కలుగా వింటాం, కావాలంటే ఒక ముక్క తీసి పక్కన పెట్టగలం. ఆ ముక్కలు తేటగా విడిపోని వాళ్ళకి, ఏ ముక్క ఏ అక్షరమో జతపడటం కష్టమవుతుంది. జతపడినా ఆలస్యంగా జతపడుతుంది.

ఇంటికొచ్చి నా పద్ధతిలో నేను చదువుకున్నాను. పొరపాటు కళ్ళదే అనుకున్నది నేనొక్కదాన్నే కాదు. 1877లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మాల్ దీన్ని "పదాంధత్వం" అన్నాడు. డిస్‌లెక్సియా అన్న పేరు 1880ల్లో పెట్టిన రుడాల్ఫ్ బెర్లిన్ అయితే ఏకంగా కంటి డాక్టరే. వాళ్ళిద్దరూ చూసింది మెదడు దెబ్బతిన్న పెద్దవాళ్ళని. దెబ్బా జబ్బూ ఏమీ లేకుండా, పుట్టుకతోనే ఇలా ఉండే పిల్లవాడి గురించి 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పెర్సీ అనే 14 ఏళ్ళ కుర్రాడు. ఆటల్లో చురుకు, లెక్కలంటే ఇష్టం, పెద్ద పెద్ద అంకెలు చకచకా చదివేస్తాడు. ఏడేళ్ళుగా చదువు చెప్పిస్తున్నా తన పేరులో అక్షరాలే తారుమారు చేసి "ప్రెసీ" అని రాసుకున్నాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బళ్ళో అందరికన్నా చురుకైనవాడు వీడే అయ్యేవాడని వాళ్ళ మాస్టారు అన్నాడట. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1896లో ఒక మాస్టారు గమనించాడు. నా చేతిలో స్కేలు ఉంది.

అసలు చదవడమే మనిషికి సహజమైన పని కాదు. మాట పుట్టి ఎన్ని వేల ఏళ్ళయిందో గానీ, రాత పుట్టి సుమారు 5,000 ఏళ్ళే. మెదడులో దానికంటూ పుట్టుకతో వచ్చిన గది లేదు. బొమ్మల్ని, ముఖాల్ని గుర్తుపట్టే భాగంలో కొంత, మాటల్ని వినే భాగంలో కొంత అరువు తెచ్చుకుని, రెండింటికీ మధ్య దారి వేసుకోవాలి. ఎక్కువగా ఎడమవైపు జరిగే పని ఇది. డిస్‌లెక్సియా ఉన్నవాళ్ళు చదువుతుండగా స్కాన్ తీస్తే ఆ దారిలో పని తక్కువగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది. మా తమ్ముడికి ఈ ముక్క చెప్తే చటుక్కున అందుకున్నాడు. "లైను ఉందక్కా, లోడు తీసుకోవట్లేదు" అన్నాడు.

ఇక నా వృత్తి సంగతి. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, నాకు నేనుగా తెలుసుకున్నది. తప్పులు ఎక్కువ ఉండే పేజీ వస్తే నేను కింద నుంచి పైకి, చివరి మాట నుంచి మొదటి మాటకి వెనక్కి చదువుతాను. ముందుకి చదివితే వాక్యం నన్ను ఈడ్చుకుపోతుంది, కన్ను అక్షరాన్ని వదిలేస్తుంది. "విద్యార్ధి" అని ఉంటే "విద్యార్థి" అనే చదివేసి వెళ్ళిపోతాను. ఆ "థ"కీ "ధ"కీ తేడా కడుపులో చుక్కే కదా. (ఈ ఒక్క మాట మీద మా ఆఫీసులో జరిగిన గొడవలు రాస్తే అదో పోస్టు అవుతుంది.) వెనక్కి చదివితే ప్రతి మాటా విడిగా నిలబడుతుంది. "వు" రాయాల్సిన చోట "మ" పడితే దొరికిపోతుంది, "ప" బదులు "ష" పడితే దొరికిపోతుంది. పేజీ అయిపోయాక అందులో ఏముంది అని అడగండి, నాకు తెలియదు. నిజంగా తెలియదు. అక్షరాలన్నీ నా కళ్ళ ముందు నుంచే వెళ్ళాయి, అర్థం మాత్రం రాలేదు. గంటసేపు అలా చేస్తే తల వాచిపోతుంది, కాసేపు బయట తిరిగి వస్తాను.

నేను జీతం తీసుకుని చేసే ఈ పనిని మా తమ్ముడు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ప్రతి లైనుకీ చేస్తున్నాడు. మధ్యలో లేచి తిరిగి రావడానికి వీల్లేకుండా, నలభైమంది పిల్లల ముందు నిలబడి, పైకి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో జారిపోతుంది. "చదివిందేమిటో చెప్పు" అని వెంటనే అడుగుతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు శ్రద్ధ లేకపోవడం. శ్రద్ధ మొత్తం అక్షరాలే తినేస్తే, ఇంక అర్థానికి మిగిలేదేముంది?

భాషని బట్టి కూడా ఇది రూపం మార్చుకుంటుందని నాకు మేనకోడలి రిపోర్టులోనే తెలిసింది. తెలుగులో తెలిసిన మాటలైతే తను చదివింది దాదాపు అంతా కరెక్టే. కానీ నత్తనడక. తలకట్టు, గుడి, కొమ్ము, కింద ఒత్తు, ఒక్కొక్కటీ తడుముకుంటూ వెళ్తుంది. ఇంగ్లిష్‌లో వేగం ఉంది, అక్షరాలు తప్పు, మాటలే మారిపోతున్నాయి. తెలుగులో రాసినట్టే పలుకుతాం గనుక ఓపికపడితే మాట బయటపడుతుంది. గుర్తులు మాత్రం వందల్లో ఉన్నాయి. ఇంగ్లిష్‌లో గుర్తులు 26, వాటిని పలికే తీరుకి మాత్రం కట్టుబాటు లేదు. ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ మాట్లాడే, డిస్‌లెక్సియా ఉన్న పెద్దవాళ్ళని పోల్చి చూసిన ఒక పరిశోధన 2001లో సైన్స్ పత్రికలో వచ్చింది. చదవడంలో ఇటాలియన్ల తప్పులు తక్కువ, కానీ శబ్దాల పరీక్షల్లో మూడు భాషలవాళ్ళూ ఒకే తీరుగా వెనకబడ్డారు, మెదడులో తేడా కనిపించిన చోటు కూడా ఒకటే. 1999లో బయటికి వచ్చిన మరో కేసు ఇంకా విచిత్రం. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడుతూ జపాన్‌లో పెరిగిన కుర్రాడు. జపనీస్ చక్కగా చదువుతాడు, ఇంగ్లిష్ దగ్గర మాత్రం డిస్‌లెక్సియా. ఒకే పిల్లవాడు, ఒకే మెదడు. కాబట్టి "తెలుగు బాగానే చదువుతోందిగా, ఇంగ్లిష్ అంటే నిర్లక్ష్యం" అనేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు ఒక జవాబు ఉంది. మా ఇంట్లోనే అనేవాళ్ళున్నారు.

రిపోర్టు మీద తెలుగులో "నిర్దిష్ట అభ్యసన వైకల్యం" అని ఉంది. ఇంగ్లిష్‌లో స్పెసిఫిక్ లర్నింగ్ డిజబిలిటీ, డిస్‌లెక్సియా అందులో ఒక రకం. ఈ మాట నాకు నచ్చలేదు. ప్రూఫ్‌లో వచ్చి ఉంటే మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టేదాన్ని. మా మరదలు "వైకల్యం" అన్న ముక్క చూసి రెండు రోజులు మాట్లాడలేదు. కానీ "నిర్దిష్ట" అన్న మాటే ఇక్కడ కీలకం. తెలివి మొత్తం తక్కువని కాదు, ఫలానా పని దగ్గర మాత్రమే పేచీ. బుద్ధిమాంద్యం వేరు, ఇది వేరు. బ్రిటన్‌లో లర్నింగ్ డిజబిలిటీ అన్న మాటనే బుద్ధిమాంద్యానికి వాడతారు గనుక, ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ళు ఏ దేశం వాళ్ళు రాసిందో చూసుకుని చదవాలి. నేను చూసుకోక ఒక రాత్రంతా అనవసరంగా ఏడ్చాను. ఇప్పుడు మనం వాడే అర్థంలో ఆ మాటని 1963లో షికాగోలో తల్లిదండ్రుల సమావేశంలో శామ్యూల్ కిర్క్ అనే అమెరికన్ విద్యావేత్త ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందు ఆ పిల్లలకి ఒక్కొక్కరు ఒక్కో పేరు పెడుతుండేవారు, వాటిల్లో చాలావరకు వినలేనివే.

ఇవి ఒక్క చదవడంలోనే ఉండవు. రాతలో ఉంటే డిస్‌గ్రాఫియా అంటారు. లెక్కల్లో ఉంటే డిస్‌కాల్క్యులియా. ఆ రెండోదాన్ని 1974లో లాడిస్లావ్ కోష్ అనే సైకాలజిస్టు విడిగా గుర్తించి వివరించాడు. మా ఆఫీసులో కంప్యూటర్ మీద పేజీలు పేర్చే డీటీపీ ఆయన ఒకరు ఉండేవారు. పేజీలో బొమ్మ వెంట్రుకవాసి పక్కకి జరిగినా కనిపెట్టేవారు. అచ్చు లెక్కలో 16 పేజీలు ఒక ఫారం అయితే 200 పేజీలకి ఎన్ని ఫారాలో మాత్రం ప్రతిసారీ కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టుకునేవారు. మేం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు. ఆయనకి అదే ఉందని నేను చెప్పలేను, పరీక్ష చేయకుండా ఎవరికీ ఏదీ అంటగట్టకూడదు. నవ్వి ఉండాల్సింది కాదని మాత్రం చెప్పగలను. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే మనోవైద్యుల ప్రామాణిక గ్రంథం ఈ రకాలన్నీ కలిపి బడి పిల్లల్లో నూటికి 5 నుంచి 15 మందిలో ఉంటాయంటుంది. నలభైమంది క్లాసులో కనీసం ఇద్దరు. ఆ ఇద్దరూ ఎక్కడ కూర్చుంటారో మనందరికీ తెలుసు.

ఈ మధ్య ఎవరికైనా ఈ విషయం చెప్తే చాలు, వెంటనే ఐన్‌స్టీన్ పేరు ఎత్తుతున్నారు. ఐన్‌స్టీన్‌కి డిస్‌లెక్సియా ఉందనడానికి గట్టి ఆధారమేదీ లేదు. పిల్లని ఓదార్చడానికి అంటున్నారు, సరే. కానీ ఓదార్పులో కూడా ఒక షరతు ఉన్నట్టుంది: చదవలేకపోతే పోనీ, మేధావివి అయితీరాలి. మా తమ్ముడు మేధావి కాదు. మంచి పనివాడు, మంచి తండ్రి, ఆటలో ఓడితే అలిగే మనిషి. వాడికి సూపర్‌వైజర్ పని ఇస్తామన్నారు ఒకప్పుడు. జీతం ఎక్కువ, ఎండలో తిరగక్కర్లేదు. వద్దన్నాడు. "నాకు కుర్చీలో కూర్చోవడం పడదు" అన్నాడు, మేమంతా వాడి పౌరుషానికి మురిసిపోయాం. ఆ పనిలో రోజూ సాయంత్రం రిజిస్టర్ రాయాలి. లైసెన్సు పరీక్షకి మూడుసార్లు ఫీజు కట్టి మూడుసార్లూ వెళ్ళలేదు. ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి బండి ఆగిపోయిందన్నాడు, మూడోసారి ఏమన్నాడో కూడా గుర్తులేదు. అవన్నీ ఇప్పుడు వరసగా పేర్చుకుంటే తెలుస్తోంది. చదవడం కన్నా చదవలేకపోవడాన్ని దాచడానికి వాడు పడ్డ శ్రమ ఎక్కువ. ఎవరి ముందు ఏ సాకు వాడాడో కూడా గుర్తుపెట్టుకోవాలి కదా.

మేనకోడలికి ఇప్పుడు వారానికి నాలుగు రోజులు, 40 నిమిషాల చొప్పున విడిగా పాఠం. 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఓర్టన్ అనే నరాల డాక్టరు, ఆనా గిల్లింగామ్ అనే టీచరు కలిసి వేసిన బాటలోదే ఈ పద్ధతి. ఒక్కో శబ్దం పట్టుకుంటారు. పలుకుతుంది, ఇసుకలో వేలితో రాస్తుంది, అక్షరం చూస్తుంది, మళ్ళీ పలుకుతుంది. నిన్నటిది గట్టిపడితేనే ఇవాళ కొత్తది. ఒత్తుల దగ్గర రెండు నెలలు పట్టింది. నాకైతే అక్కడ కూర్చుంటే ఆవలింతలొచ్చాయి, ఆ టీచరమ్మ ఓపికకి దణ్ణం పెట్టాలి. ఇది జబ్బు తగ్గినట్టు ఒకరోజు తగ్గిపోయేది కాదు, దారి మెల్లగా వెడల్పవుతుంది అంతే. రంగు కళ్ళద్దాలు, కంటి వ్యాయామాలు అమ్మజూపినవాళ్ళు ఇద్దరు తగిలారు. అవి పనిచేస్తాయనడానికి రుజువు లేదని అమెరికాలో పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్లు 2009లోనే కలిసి ప్రకటించారు.

స్కూల్లో పరీక్షకి అదనపు సమయం ఇచ్చారు. పైకి చదవమని లేపడం మానేశారు. పాఠాన్ని వినడానికి ఒప్పుకున్నారు. "మిగతా పిల్లలకి అన్యాయం కదండీ" అంది పక్కింటావిడ. నేను ఆవిడ చేతికి ఒక పేజీ ఇచ్చి కింది నుంచి పైకి చదివి సారాంశం చెప్పమన్నాను. నాలుగు లైన్లకే నవ్వేసి ఇచ్చేసింది. ఒప్పుకుందో లేదో తెలియదు, ఆ మాట మాత్రం మళ్ళీ అనలేదు.

కొట్టినందుకు తమ్ముణ్ణి క్షమాపణ అడిగాను. వాడికి ఇబ్బందిగా అనిపించింది, "ఊరుకో అక్కా, నువ్వూ పిల్లవే కదా అప్పుడు" అని టీవీ సౌండు పెంచాడు. నువ్వూ పరీక్ష చేయించుకోరా, పెద్దవాళ్ళకీ చేస్తారట అన్నాను. "చేస్తే ఏమిస్తారు?" అన్నాడు. రిపోర్టు ఇస్తారన్నాను. "ఎన్ని పేజీలు?" అన్నాడు.

పోయిన వారం వాడే ఫోన్ చేశాడు. ఏదో ఆఫీసులో ఫారం నింపాల్సి వచ్చిందట. కూతురు క్లాసులో లేచి "నాకు చదవడం కష్టం, నెమ్మదిగా చదువుతాను" అని చెప్పగలుగుతోంది కదా, నేనెందుకు చెప్పకూడదు అనుకున్నాడట. క్యూలో నిలబడినంతసేపూ మాటలు కూర్చుకున్నాడు. తన వంతు వచ్చింది. ఫారం మీద చెయ్యి పెట్టి, "నాకు ఇది చదవడం కష్టమండీ, కాస్త చదివి చెప్తారా" అన్నాడు. కౌంటర్లో ఉన్నాయన తలెత్తి చూసి, ఎంతో మర్యాదగా అడిగాడట, "కళ్ళజోడు మర్చిపోయారాండీ?"

"మరి నువ్వేమన్నావురా?"

"ఆఁ అనేశానక్కా."